చచ్చిన ఫోన్లకు మళ్లీ ప్రాణం

బ్యానర్ మీద ఆ మాట ఉదయశ్రీది. నాకు మొదటినుంచీ నచ్చలేదు. "చెడిపోయిన ఫోన్లు ఇవ్వండి" అంటే సరిపోయేది కదా! లేదు, "చచ్చిన ఫోన్లకు మళ్లీ ప్రాణం" అని రాయించింది. జనం మనసుకు పట్టాలట. పాత ఫోన్ల బోర్డుల్లోని రాగిని ఘాటు యాసిడ్లు లేకుండా, వంటింటి నిమ్మ ఉప్పుతో కరిగించి తీయడం ఆమె పరిశోధన. నా పేరు గ్రేస్. ఖమ్మంలో అదే ల్యాబ్‌లో ఆమెకు తోడుగా పనిచేస్తున్నాను.

ఫోన్ల కోసం భద్రాచలం వైపు అడవి ఊళ్లు తిరిగాం. ఒక ఊళ్లో జంపక్క అనే ఆవిడ బ్యానర్‌ని ఎవరితోనో రెండుసార్లు చదివించుకుంది. మమ్మల్ని ఆగమని చెప్పి, అడవిలోకి వెళ్లి, మట్టి అంటిన బట్టమూట తెచ్చింది. అందులో బటన్ల ఫోన్ ఉంది.

"మా ఆయన గోపాలుది," అంది. "వాగుల కొట్టుకపోయిండు. మనిషి దొరకలే, ఒడ్డుమీద గిదొక్కటే దొరికింది. మనిషి జాగల దీన్నే పాతిపెట్టినం."

"ఇది మాకొద్దమ్మా," అన్నాను.

"వద్దంటవేంది? పెద్దోళ్లు తియ్యొద్దన్నా తీసిన. పాణం పోస్తమని మీరే రాసిండ్రు గద! జల్దీ చెయ్యండి బిడ్డా. ఆయన గొంతు ఇనక శానా దినాలైంది."

మేం చేసేది కరిగించడమే తప్ప బాగుచేయడం కాదని అక్కడే చెప్పాల్సింది. కానీ రాగి ఎక్కువుండే అంత పాత బోర్డు దొరికిందన్న సంబరంలో ఉదయశ్రీ సరేనంది, తన నంబర్ కూడా ఇచ్చింది. దారిపొడవునా తిట్టాను.

"అది బాగయ్యేది కాదని ఆమెకూ తెలుసులే," అంది. ఎదుటివాళ్ల మనసులో ఏముందో కూడా చదువుకున్నవాళ్లకే తెలుస్తుంది మరి!

ల్యాబ్‌లో ఉదయశ్రీ ఫోన్ విప్పి, సిమ్ తీసి కవర్‌లో పెట్టింది. బోర్డును గాజు బీకరులోని నిమ్మ ఉప్పు నీళ్లలో వేసింది. మర్నాటికి నీళ్లు ఆకుపచ్చగా మారాయి, అడుగునుంచి బుడగలు మొదలయ్యాయి.

మధ్యాహ్నం జంపక్క ఫోన్ చేసింది. ఉదయశ్రీ స్పీకర్ ఆన్ చేసింది.

"బిడ్డా, మాట్లాడిండు!" ఆమె నవ్వుతోంది. "మా ఆయనే. ఆయన నంబర్ నుంచే వచ్చింది."

నేను కవర్ తెరిచి చూశాను. సిమ్ అందులోనే ఉంది. నిజం చెప్తున్నా, చాలా భయమేసింది.

"ఏమన్నాడు?" అని నేనే అడిగాను.

"పుండ్ల మీద నిమ్మకాయ పిండినట్టు ఒళ్లంత మంటగుందన్నడు. ఓర్సుకోలేకపోతున్న అన్నడు."

నిమ్మ ఉప్పు సంగతి ఆమెకు మేం చెప్పనే లేదు. ఉదయశ్రీ పట్టకారు అందుకుని బీకరు మీదికి వంగింది. బోర్డు మీది రాగి గీతలు అప్పటికే సగం లేవు.

"తీసేస్తున్నాం జంపక్కా, ఇప్పుడే తీసేస్తున్నాం!" అంది.

"తియ్యకు బిడ్డా!" జంపక్క గొంతులో నవ్వు పోయింది. "సచ్చినోళ్లకు మంటెట్ల తెలుస్తది? తెలుస్తున్నదంటే పాణమొస్తున్నట్టే గద. గింతవరకు వచ్చినంక ఆపకు. నీ కాళ్లు మొక్కుత, ఆయన్ను మళ్ల సంపకు."

ఉదయశ్రీ పట్టకారు కింద పెట్టేసింది. నేనూ తీయలేదు.