ఒరిగే బజారు

పొద్దున ఏడింటికి కోటిరత్నం చేతికర్రతో గడప దాటిందంటే చాలు, తూర్పుబజారు ఆడవాళ్ళు ఎవరి బిందెలు వాళ్ళు పట్టుకునేవాళ్ళు.

ఎప్పుడో మిరపచేలో కాలవ దాటుతూ ఎడమ చీలమండ విరగ్గొట్టుకుంది. అది ఏళ్ళ తరబడి అరిగి అరిగి, చివరికి రెండువేల ఆరు వేసవిలో హైదరాబాదు వెళ్ళి కీలు మార్పించుకొచ్చింది. నొప్పి పోయింది గాని నిలకడ రాలేదు. నిలకడ అంగట్లో దొరికేదా? అందుకే ఆమె ఎడమకు తూలితే బజారంతా కుడికి ఒరిగేది, కుడికి తూలితే ఎడమకు. ఇళ్ళూ పాకలూ అన్నీ కలిసి ఆమెను పడనిచ్చేవి కావు. పాపం, మొన్ననేగా ఆపరేషనయింది, అనుకుని అందరూ సర్దుకుపోయేవాళ్ళు.

ఎదురింటి బసవమ్మ ఒక్కతే సణిగేది. "ఏవమ్మా రత్నం, రోజూ నా తపేలా ఒలికి గ్లాసుడు పాలు నేలపాలవుతున్నాయి."

"ఏం చెయ్యను బసవక్కా, నా కాలు నా మాట వింటేగా."

ఎడమ కాలి మీద ఒంటికాలితో పది లెక్కపెట్టేదాకా నిలబడితేగాని కర్ర వదలొద్దని డాక్టరు చెప్పాడు. కోడలు అఖిల రోజూ అరుగు దగ్గర నిలబడి లెక్కపెట్టేది. నాలుగు దగ్గరికి వచ్చేసరికి కోటిరత్నానికి గుండె జారిపోయేది, స్తంభం పట్టేసుకునేది.

"బజారు పట్టుకుంటుంది కదత్తయ్యా, భయమెందుకు?"

"బజారు చేలోకి రాదు కదే."

బజారు దాటితే పట్టుకునే దిక్కు లేదు. చేను చూసి పది నెలలయింది. అది తలుచుకుంటే ఆమెకు అన్నం సయించేది కాదు.

మాఘమాసంలో ఒక పొద్దున జాన్ బాషా పత్తి లారీ బజార్లోకి వచ్చింది. రెండు పక్కలా ఉబ్బిన బోరాలతో వెళ్తుంటే దాని ఎడమ చక్రాలు మురుక్కాలవలో దిగబడ్డాయి. లోడంతా బసవమ్మ గొడ్లపాక మీదికి వాలింది. లోపల బసవమ్మ పాలు పితుకుతోంది. అందరూ కేకలు పెట్టారు గాని, ఆమె మోకాళ్ళు కేకలకు లేచే రకం కావు.

లారీ వెనకాల కోటిరత్నం ఉంది. లారీ కుడికి ఒరగాలంటే తను ఎడమకు వాలాలి. ఎడమంటే కొత్త కీలు.

కర్ర అవతల పారేసి, కుడికాలు ఎత్తి, ఎడమకు వాలింది. బజారు కుడికి ఒరిగింది. బిందెలు దొర్లాయి, మంచాలు జారాయి, లారీ కిర్రుమంటూ పైకి లేచింది.

"ఒకటి, అత్తయ్యా!" అంటూ అఖిల మొదలుపెట్టింది.

నాలుగు దగ్గర ఎప్పటిలాగే గుండె జారింది. కాలు జారలేదు. ఏడు దగ్గర జాన్ బాషా, ఇంకో నలుగురూ లారీకి దుంగలు ఆనించారు. తొమ్మిది దగ్గర బసవమ్మ పాకలోంచి బయటపడింది, చేతిలో తపేలా వదలకుండా. పది అనబోతే అఖిలకు ఏడుపొచ్చింది. కోటిరత్నమే పది అనుకుని కాలు దించింది.

మర్నాడు ఏడింటికి కర్ర లేకుండా గడప దాటింది. ఆడవాళ్ళు అలవాటుగా బిందెలు పట్టుకున్నారు. మధ్యలో ఒకచోట తూలింది, తనే సర్దుకుంది. బజారు కదల్లేదు. బసవమ్మ తపేలాలో పాలు తొణకలేదు.

"ఎక్కడికే?" అంది బసవమ్మ.

"చేలోకక్కా. కాయ పండిందంట."

బసవమ్మ గ్లాసు నిండా పాలు ముంచి, చెంగుతో కళ్ళు తుడుచుకుని, ఆమె చేతికిచ్చింది.

"రోజూ నీ పేరున ఒలికిపోయేవేగా. తాగి పో."