చెవులు పట్టుకోమన్నందుకు

మా అమ్మాయి రాధారాణి తెనాలిలో పద్నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పింది. 2007లో ఒక ఏజెన్సీ వాళ్ళు దాన్ని అమెరికాలో క్యారీ అనే ఊరి దగ్గర ఒక స్కూలుకి తీసుకెళ్ళారు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకే ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం. "మా భాష మాకు నేర్పడానికి అంత దూరం నుంచి వచ్చావా?" అని మొదటిరోజే ఒక పిల్ల అడిగిందట. "మీరు సరిగా నేర్చుకోవట్లేదని కబురొచ్చింది" అందట ఇది.

మరుసటేడు నేను ఆరు నెలలుందామని వెళ్ళాను. స్కూలు మా అపార్ట్‌మెంట్‌కి ఎదురుగానే. రోజూ మూడింటికి గేటు దగ్గర నిలబడితే ఇద్దరం కలిసి నడిచి వచ్చేవాళ్ళం.

మార్చిలో ఒకరోజు క్లాసులో డస్టిన్ అనే పద్నాలుగేళ్ళవాడు పక్కవాడి ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ముక్కు పగిలి పుస్తకాల నిండా రక్తం. ఆ స్కూల్లో టీచర్లు పిల్లల మీద చెయ్యి వెయ్యకూడదు, ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి. రాధ చేసింది. ఎవరూ రాలేదు. వాడు నాలుగోసారి జుట్టు పట్టుకునేసరికి దీనికి పాత అలవాటు తన్నుకొచ్చింది. "చెవులు పట్టుకో! ముప్పై గుంజీలు!" అని అరిచి, ఎలా తీయాలో తనే కూర్చుని లేచి చూపించింది. వాడు బిత్తరపోయి వదిలేశాడు. ముప్పయ్యీ తీశాడు. క్లాసంతా పగలబడి నవ్వుతూ సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకుంది.

మూడింటికి నేను గేటు దగ్గరుండగా వాడి తండ్రి వచ్చాడు. పార్కింగ్‌లో కొడుకు మెడ పట్టుకుని తలను ట్రక్కు తలుపుకేసి బాదాడు. బెల్టు ఊడదీసి ఇనుప కొక్కెం తగిలేలా కొట్టాడు. పిల్లాడు కిక్కురుమనలేదు. అలవాటైనవాళ్ళు అరవరు, నాకు తెలుసు. రాధ పరుగెత్తుకొచ్చి మధ్యలో దూరింది. కొక్కెం దాని మోచేతిని చీల్చింది. ఆయన నవ్వుతూ ఏదో అని, కొడుకుని ట్రక్కులోకి తోసి వెళ్ళిపోయాడు.

ఏమన్నాడని ఇంటికొచ్చాక అడిగాను.

"నేను కొట్టానని నువ్వు చెబితే, నా కొడుకుని కోతిలా ఆడించావని నేను చెబుతాను, ఫోటోలున్నాయి, మీ దేశం పోతావు, అన్నాడు."

అక్కడ పిల్లల్ని ఇంట్లో ఇలా కొడుతున్నారని తెలిస్తే టీచరు ప్రభుత్వానికి చెప్పి తీరాలట. వీసా పొడిగించే కాగితం మీద ఆ నెల్లోనే ప్రిన్సిపాల్ సంతకం పెట్టాలి. గుంజీల సంగతి బయటపడితే పెట్టడు.

"వాళ్ళ బిడ్డ, వాళ్ళు కొట్టుకుంటారు. మనకెందుకే?" అన్నాను, మోచేతికి గుడ్డ కడుతూ.

"నాన్న నిన్ను కొట్టేటప్పుడు పరంధామయ్య బాబాయి కూడా అదే అన్నాడు. మన అరుగు మీదే కూర్చుని."

"పోయినవాణ్ణి ఇప్పుడెందుకు లాగుతావు?"

"ఉన్నప్పుడు ఎవరూ లాగలేదు కదమ్మా."

నేను గుడ్డ ముడి బిగించాను. రాధ ప్రభుత్వం వాళ్ళకి ఫోన్ చేసింది. ముందు తను చేసింది చెప్పింది. గుంజీలంటే ఏమిటో వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడానికే చాలాసేపు పట్టింది. తర్వాత డస్టిన్ తండ్రి చేసింది చెప్పింది. మధ్యలో ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "ఇంకెవరైనా చూశారా అంటున్నారు" అంది.

"నేను చూశానని చెప్పు."

"పేరు రాసుకుంటారు."

"రాసుకోనీ. అనంతలక్ష్మి."

రెండో రోజు ఎవరో విసిరిన రాయికి మా కిటికీ అద్దం భళ్ళుమంది. మూడో రోజు ప్రభుత్వం తరఫున ఒకావిడ క్లాసుకే వచ్చి డస్టిన్‌ని తీసుకెళ్ళింది. పోతూ పోతూ వాడు బల్లని ఒక్క తన్ను తంతే అది తగిలి రాధ కాలి చర్మం లేచిపోయింది. "నిన్నెవడు చెప్పమన్నాడు?" అని అరిచాడట.

ప్రిన్సిపాల్ సంతకం పెట్టలేదు. జూన్‌లో ఇద్దరం ఒకే విమానంలో వచ్చేశాం. డస్టిన్ వాళ్ళ అమ్మమ్మ దగ్గరున్నాడనీ, తండ్రిని ఆ గడప తొక్కనివ్వడం లేదనీ అక్కడి టీచరొకావిడ ఉత్తరం రాసింది.