గుర్రంతో పోటీపడ్డ నాడి

మా ఆయన ఎసెన్‌కుల్ పందెపు గుర్రాలకు శిక్షణ ఇస్తాడు. గుర్రం దవడ కింద వేలు పెట్టి నాడి లెక్కపెడతాడు. అది ఎంత నెమ్మదిగా కొట్టుకుంటే అంత మేలు గుర్రమంటాడు. వినీ వినీ నాకు విసుగొచ్చింది.

ఈ వసంతంలో ఆయన గుండె లయ తప్పింది. నారిన్ పట్నంలో డాక్టరు నాడిని నెమ్మదింపజేసే మాత్రలు రాసిచ్చాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వేసుకునే ముందు నిమిషం పాటు నాడి చూసుకోవాలి. యాభై కంటే తగ్గితే వేసుకోకుండా ఫోన్ చేయాలి. ఒకపూట మరిచిపోతే మరుపూట రెండు మింగకూడదు. మా ఆయన బుద్ధిగా తలూపాడు. ముప్పై రెండేళ్ల కాపురం నాది, ఆ తలూపుడు సంగతి నాకు తెలుసు.

ఎండాకాలం రాగానే గుర్రాలను తోలుకుని కొండమీది పచ్చికకు వెళ్లాం. పక్క గుడారం తెమిర్‌కాన్ పులియబెట్టిన గుర్రం పాలు తాగడానికి వచ్చాడు.

"నీ నాడెంతరా?" అన్నాడు.

"యాభై రెండు," అన్నాడు మా ఆయన మీసం దువ్వుతూ.

"మరి నీ నల్లగుర్రానిది?"

"ముప్పై ఆరు."

"అయితే నువ్వింకా గాడిదవేరా!"

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. ఆ రోజు నుంచి నాకు చెప్పకుండా రోజుకో మాత్ర ఎక్కువ మింగాడు. నాలుగో రోజు మధ్యాహ్నం జీను బిగిస్తూ బిగిస్తూ కూలబడ్డాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. పరుగెత్తి మణికట్టు పట్టుకుని లెక్కపెట్టాను.

"ఎంత?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"ముప్పై ఎనిమిది."

"ఇంకో రెండు తగ్గితే చాలు."

"నీ మొహం మండా! నువ్వు పోతే నేనెవరితో పోట్లాడను? ఎన్ని మింగావో చెప్పు!"

"రోజుకు మూడు."

నా కేకకు తెమిర్‌కాన్ పరుగున వెళ్లి లారీ తెచ్చాడు. ఆస్పత్రిలో ఐదు రోజులు ఉంచారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అడిగాడు: "పెద్దాయనా, మీ గుర్రానికి ఎవడైనా ఇష్టమొచ్చినట్టు మందేస్తే ఏం చేస్తారు?"

"వాణ్ణి పనిలోంచి తీసేస్తా!" అన్నాడు మా ఆయన, ఆలోచించకుండా. తర్వాత జేబులోంచి మాత్రల డబ్బీ తీసి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నాడి చూసేది నేనే. ఇవాళ అరవై రెండు. తెమిర్‌కాన్ ముందు ఆ అంకె చెప్పాలంటే మా ఆయనకు తలకొట్టేసినట్టుంటుంది. నాకు మాత్రం పండగే. ఇన్నేళ్ల కాపురంలో నేను ఆయన చెయ్యి ఒక్క నిమిషమైనా పట్టుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు రోజుకు రెండుసార్లు పట్టుకుంటున్నాను, డాక్టరు చెప్పాడు కాబట్టి.