జోగారావు పక్కసీటు

బేగంపేట ఫ్లయింగ్ క్లబ్బు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాను, అది ఆ వరండానే గాని చివర మెట్లు ఉండాల్సిన చోట మెడికల్ బోర్డు డాక్టరుగారి గది తలుపు ఉంది, తలుపు కింద నుంచి నీళ్లు సన్నగా పారి వస్తున్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోవడం లేదు. పేరు పిలిస్తే లోపలికి వెళ్లాలి. పిలుస్తారు, కాని నా కంటే ముందు జోగారావునే పిలుస్తారు, నలభై ఏళ్లుగా అలాగే జరుగుతోంది. వాడు పోయి తొమ్మిది నెలలైందన్న సంగతి గుర్తుంది గాని, వరస మారడానికి అది చాలిన కారణంలా తోచడం లేదు.

అంతలో వాడే ఆ తలుపు తీసుకుని బయటికి వస్తాడు. యూనిఫారంలో ఉన్నాడు, భుజాల మీద నాలుగు గీతలు, జుట్టు ఇంకా ఒత్తుగానే ఉంది. చచ్చిపోయాక కూడా వీడి జుట్టు ఊడలేదేమిటన్నది నాకు వచ్చిన మొదటి ఆలోచన. "ఏటిరా తాండవం, ఇంకా ఇక్కడే కూర్చున్నావు? పద," అంటాడు. డాక్టరేమన్నాడని అడిగితే, తనకిక మెడికల్ అక్కర్లేదన్నారని చెబుతాడు, తానిప్పుడున్న చోట ఆరు నెలలకోసారి గుండె చూపించుకునే పని లేదట, అరవై అయిదు నిండాయి దిగిపొమ్మనేవాళ్లు లేరట. వాడు గొప్పకి చెప్పడం లేదు, అయినా నా కడుపు మండిపోతుంది. నాకు అరవై అయిదు నిండడానికి పదకొండు రోజులే ఉన్నాయి.

నడుస్తున్నాం. వరండా పొడుగైపోతూ విమానానికి తగిలించే గొట్టపు దారి అవుతుంది, దాని గోడలకి క్లబ్బు నాటి ఫోటోలు వేలాడుతున్నాయి, ప్రతి ఫోటోలోనూ నేను వాడి వెనకే ఉన్నాను. ఇద్దరం ఒకే రోజు చేరాం, వాడు పార్వతీపురం నుంచి, నేను అనకాపల్లి నుంచి, ఒకే గదిలో ఉన్నాం, కాని ఒంటరిగా విమానం ఎగరేసే అవకాశం వాడికి నాకంటే రెండు రోజుల ముందు వచ్చింది, కెప్టెన్ గీతలు ఎనిమిది నెలల ముందు వచ్చాయి. వాడు దింపితే చక్రాలు నేలకి తగిలినట్టు ప్రయాణికులకి తెలిసేది కాదు, నేను దింపితే ఎవరో ఒకరు దేవుణ్ణి తలుచుకునేవారు. పెట్టి పుట్టాడని అందరూ వాణ్ణి అనేవారు. నేనూ నవ్వుతూ అనేవాణ్ణి, అన్నప్పుడల్లా నోరు చేదయ్యేది.

దారి చివర కాక్‌పిట్ ఉంది. వాడు తిన్నగా వెళ్లి ఎడమవైపు కెప్టెన్ సీటులో కూర్చుంటాడు, ఇరవై ఆరేళ్లుగా నేనూ కెప్టెన్నే అయినా నా కాళ్లు నన్ను అడక్కుండానే కుడివైపుకి పోతాయి. భోజనాలు వస్తాయి, తెచ్చినవాళ్లు కనిపించరు. ఇద్దరు పైలట్లు ఒకే తిండి తినకూడదన్నది మా దగ్గర నియమం, ఒకరికి కడుపు చెడినా రెండోవాడు నిలబడాలి కదా, కనుక వాడి డబ్బాలో ఆవపెట్టిన పనసపొట్టు కూరా అన్నమూ ఉన్నాయి, నా డబ్బాలో ఎండిపోయిన బన్ను ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గాని, ఇది పుల్లకూర కూడా కాదు.

తింటూ తింటూ, సిక్ లీవు ఎంత మిగిలిందని అడుగుతాడు. చాలా ఉందంటాను. రిటైరయ్యే ముందు రెండు మూడు నెలలు మావాళ్లందరికీ ఏదో ఒక జబ్బు చేస్తుంది, నడుమో, చెవో, తలతిరుగుడో, వాడకపోతే ఆ సెలవు గాలికి పోతుంది గనక ఎవరూ తప్పు పట్టరు. కోపైలట్లు కూడా నాతో, ఇంకా ఎందుకు సర్ ఈ అవస్థ, హాయిగా ఇంట్లో పడుకోండి అంటున్నారు. నేను వినలేదు. సిక్ పెడితే మళ్లీ విమానం ఎక్కేముందు డాక్టరు పరీక్ష దాటాలి, పదకొండు రోజుల్లో అది తేలకపోతే నా చివరి ఫ్లయిట్ పోతుంది. వైజాగ్ నుంచి హైదరాబాదుకి అడిగి మరీ వేయించుకున్న ఫ్లయిట్ అది, దిగాక, రిటైరయ్యే కెప్టెన్‌కి మర్యాదగా రెండు ఫైరింజన్లు అటొకటి ఇటొకటి నిలబడి విమానం మీద నీళ్ల తోరణం పడతాయి, జోగారావుకి పట్టినట్టే. ఆ సంగతి మాత్రం వాడికి చెప్పను.

వాడు చెయ్యి కడుక్కుంటూ, కాక్‌పిట్‌లోకి కుళాయి ఎప్పుడు వచ్చిందో, తన ఆఖరి రోజు మాట ఎత్తుతాడు. ఆ రోజు వాడు ఢిల్లీ వెళ్లి, అక్కణ్ణుంచి వైజాగ్ వచ్చి, పార్వతీపురం నుంచి తరలివచ్చిన చుట్టాలందర్నీ ఎక్కించుకుని హైదరాబాదులో దించాలి, పక్కసీటులో కోపైలట్‌గా నన్ను కూర్చోమని వాడే అడిగాడు, సరేనన్నాను. తీరా ఆ ఉదయం డ్యూటీ ఆఫీసుకి ఫోన్ చేసి విరేచనాలన్నాను. ఒంట్లో శుభ్రంగా ఉంది, ఉప్మా కూడా తిన్నాను. ఇంకొకణ్ణి వెతికి తెచ్చేసరికి అయిదు గంటలు ఆలస్యమైంది, పైలట్ రోజుకి ఇన్ని గంటలకి మించి పని చెయ్యకూడదు గనక వైజాగ్‌లో జోగారావుని దించేశారు, ఆఖరి ప్రయాణం ఇంకో కెప్టెన్ నడిపాడు, వీడు చుట్టాలతోపాటు కిటికీ పక్కన కూర్చుని వచ్చాడు. మర్నాడు వాడికి అరవై అయిదు నిండాయి.

అయినా వాడికేం తక్కువైంది? నీళ్ల తోరణం పట్టారు, దిగేముందు ప్రయాణికులంతా వరసకట్టి వాడికి చెయ్యిచ్చారు, తడిసిన కిటికీలోంచి నవ్వుతున్న వాడి ఫోటో అదే రోజు మా అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఇంట్లో పడుకుని ఆ ఫోటో చూసి కుళ్లి కుళ్లి చచ్చాను. ఆర్నెల్లకి నిద్రలోనే వాడు పోయాడు. ఆ ఆర్నెల్లలో నాలుగుసార్లు కలిశాం, నేను నోరు విప్పలేదు.

"ఎందుకు రాలేదురా?" అంటాడు.

విరేచనాలనే చెబుదామని నోరు తెరుస్తాను, ఆ మాట రాదు.

"చూడలేక," అంటాను. "అందరూ నీకు చప్పట్లు కొడుతుంటే పక్కన కూర్చుని చూడలేక. కుళ్లుతో."

వాడు తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటాడు. కోపం వస్తుందేమోనని ఎదురుచూస్తాను, నిజానికి రావాలనే ఉంది, ఒక్కసారైనా వాడు నా స్థాయికి దిగుతాడు.

"మరి నిన్నే ఎందుకు రమ్మన్నాననుకున్నావు?" అంటాడు నెమ్మదిగా. "నువ్వు చూడాలనేరా. అంతమంది చేతులిచ్చారు గానీ, తాండవం చూడలేదు గదా అని నాకు తృప్తి లేకపోయింది."

ఎంత సంతోషమేసిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. వాడికి దక్కకుండా పోయింది ఒకటుంది, అది నా చేతుల్లో ఉండింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవదు, ఎందుకంటే కిందికి దిగుతున్నాం, మబ్బులు విడిపోయి రన్‌వే కనిపిస్తోంది, అది రన్‌వేనే గాని వరండాలా సన్నగా, తడిగా, బల్లలు వేసి ఉంది, వెనక తలుపు అవతల మా చుట్టాలూ వాడి చుట్టాలూ కలిసి గుసగుసలాడుతున్నారు. కంట్రోల్స్ నా కుడిచేతిలో ఉన్నాయి. వాడు ఆ చేతినే చూస్తున్నాడు.

"ఆ రెండు వేళ్లేటిరా అలా ఉన్నాయి?"

ఏం లేదంటాను. ఏం లేకపోవడం కాదు. మూడు వారాలుగా ఉంగరం వేలూ చిటికెన వేలూ మొద్దుబారి ఉంటున్నాయి, మొన్న మంగళవారం దిగేటప్పుడు ఇంజన్ల పిడి మీద నా చెయ్యి జారింది, పక్కనున్న కోపైలట్ చూసి కూడా చూడనట్టు బయటికి చూశాడు. ఇంట్లో మా ఆవిడ కామేశ్వరికి చెప్పలేదు, డాక్టరుకి చెప్పలేదు. పదకొండు రోజులే కదా అనుకున్నాను, వెనక నూట ఎనభై మంది కూర్చుంటారని తెలిసే అనుకున్నాను.

"బాగున్నోడివి బాగోలేదన్నావు. ఇప్పుడు బాగోలేనోడివి బాగున్నానంటన్నావు," అంటాడు జోగారావు. "నాతో పోటీకేనా?"

"నీకు పట్టారు. నాకూ పట్టాలి," అంటాను.

వాడు తన చెయ్యి కంట్రోల్స్ మీద వేసి, "ఐ హావ్ కంట్రోల్స్," అంటాడు. అలా ఒకరు అన్నాక రెండోవాడు "యూ హావ్ కంట్రోల్స్" అని పైకి అనాలి, చెయ్యి తీసెయ్యాలి, అనేదాకా విమానం ఎవరి చేతిలో ఉన్నట్టో తెలియదు గనక మొదటి రోజు నుంచే అది మాకు నేర్పుతారు, నిద్రలో లేపినా చెబుతాం. నాకు నోరు రావడం లేదు. చెప్పానంటే ఈ ల్యాండింగ్ కూడా వాడిదే అవుతుంది, మెత్తగా దింపుతాడు, చక్రాలు తగిలినట్టే తెలియదు, అందరూ వాడికే చప్పట్లు కొడతారు. మూడు వేళ్లతో ఇంకా గట్టిగా పట్టుకుంటాను. రన్‌వే పైకి వచ్చేస్తోంది, బల్లలు పెద్దవవుతున్నాయి, వాడు మళ్లీ అదే మాట అంటాడు, ఆ తరవాత గొంతు తగ్గించి, "వదలరా," అంటాడు.

"వదలండి."

కామేశ్వరి గొంతు. గదికి మందపాటి కర్టెన్లు వేసి ఉన్నాయి, అంచుల్లోంచి మధ్యాహ్నపు ఎండ పడుతోంది. తెల్లవారుజామున దిగి వచ్చి పడుకున్నవాణ్ణి. మంచం పక్కన వంగి నిలబడి ఉంది, ఆమె మణికట్టు నా కుడిచేతిలో ఉంది.

"భోజనానికి లేపుదామని వచ్చానండీ. చెయ్యి నొప్పిగా ఉంది, వదలండి."

వదులుతాను. ఆమె చేతిని ఎండ పడుతున్న వైపుకి తిప్పి చూసుకుంటుంది. బొటనవేలిదీ, చూపుడువేలిదీ, నడిమివేలిదీ ఎర్రగా అచ్చులు పడ్డాయి. మిగతా రెండు వేళ్ల చోట ఏమీ లేదు. ఆమె ఆ ఖాళీ చోటుని కాసేపు చూసి, నా చెయ్యి అందుకుని, ఆ రెండు వేళ్లనూ గిల్లుతుంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు వారాలు."

 ఫోనిమ్మంటే తెచ్చి ఇస్తుంది. డ్యూటీ ఆఫీసులో అమ్మాయి ఎత్తుతుంది, సిక్ పెడుతున్నానంటే పద్ధతి ప్రకారం కారణం అడుగుతుంది, ఉన్నదున్నట్టు చెబుతాను. టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. మరి మీ చివరి వైజాగ్ ఫ్లయిట్ సంగతేమిటి సర్, అది కూడా తీసెయ్యమంటారా అని జాలిగా అడుగుతుంది. తీసెయ్యమ్మా అంటాను.

ఫోన్ పెట్టెయ్యొచ్చు. పెట్టలేకపోతాను.

"ఆ ఫ్లయిట్ ఎవరికిస్తున్నారు?" అని అడుగుతాను.