ఖారునమ్మ నాడి

రాయపూరు రైల్వే కాలనీలో పొద్దున్నే కుళాయిల దగ్గర బిందెలు పెట్టిన ఆడవాళ్ళు ఒకరినొకరు అడిగే మాట ఒక్కటే: "ఖారునమ్మ వచ్చిందా?"

వచ్చేది. ఖారున్ నది రోజూ తడిచీరతో నడిచివచ్చి పంపుహౌసులో బల్ల మీద కూర్చునేది. నీళ్ళ ఇన్‌స్పెక్టరు నూకరాజు ఆవిడ కళ్ళూ నాలుకా చూసి, మణికట్టు పట్టుకునేవాడు. నాడి బాగుంటే పంపు నడిచేది. కాస్త నలతగా ఉంటే నీళ్ళలో మందు కలిపి, ఇసుకలో మరోసారి వడకట్టేవారు. రైల్వే తెల్లవాళ్ళ చేతుల్లోంచి మన చేతుల్లోకి వచ్చాక కూడా అదే పద్ధతి.

నూకరాజుకి మాత్రం ఆ ఊళ్ళో కాలు నిలిచేది కాదు. సొంతూరు విజయనగరానికి బదిలీ కోసం ఏళ్ళ తరబడి తిరిగితే, ఆ వేసవిలో ఖాయమైంది. భార్య పైడమ్మ సామాను కట్టడం మొదలెట్టింది.

సరిగ్గా అప్పుడే ఓ ఉదయం ఖారునమ్మ గోళ్ళు నీలంగా కనిపించాయి. నాడి పరుగెడుతోంది.

"ఏటయింది తల్లీ?"

"ఎగువన బట్టలకి రంగులేసే కొట్టం పెట్టారు. దాని కాలవ నాలోకే వదిలారు."

నూకరాజు పంపు బంద్ చేయించాడు. ఇంజనీరు భీమారావు రొప్పుతూ వచ్చాడు.

"ఈ ఎండల్లో కాలనీకి నీళ్ళాపుతావా? రేపు పెద్దసాబు తనిఖీకి వస్తున్నాడు. పంపు వెయ్యి. లేదా నీ బదిలీ రద్దు చేయిస్తాను."

ఆయన వెళ్ళాక నూకరాజు అటూ ఇటూ తిరిగి తిరిగి ఆవిడ ముందు ఆగాడు.

"నువ్వే సెప్పు, ఏటి సెయ్యమంటావు?"

"నాకు కిందికి పోవడమే తెలుసు నాయనా. తాగేవాళ్ళని కాయడం నీ పని."

అతను పంపుహౌసుకి తాళం వేసి ఇంటికి నడిచాడు. ఆవిడా లేచి వెంట నడిచింది. భీమారావు తాళం పగలగొట్టి పంపు వేయిస్తే గొట్టాల్లోంచి గాలి తప్ప చుక్క రాలేదు.

పైడమ్మ ఆవిణ్ణి పెరట్లో కూర్చోబెట్టి, కుంకుడు రసంతో గోళ్ళు తోముతోంది. "ఊరెళ్ళేముందు ఈ గొడవ మనకెందుకు?" అని మొగుణ్ణి సాధిస్తూనే తోముతోంది. గుమ్మం ముందు ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు నూకరాజుని తిట్టిపోస్తున్నారు. వాళ్ళని తోసుకుంటూ భీమారావు వచ్చాడు.

"ఆవిణ్ణి పంపించెయ్యండి."

"ఇంటికొచ్చినావిణ్ణి పొమ్మనడం మా ఇంటా వంటా లేదు బాబూ," అంది పైడమ్మ. "ఆ రంగు కాలవ మూయించండి. ఆవిడే లేస్తాది."

తిడుతున్న ఆడవాళ్ళు అది విని భీమారావు వైపు తిరిగారు. సాయంత్రానికి కాలవ మూతపడింది.

బదిలీని భీమారావు రద్దు చేయించలేదు. ఇలాంటివాడు ఎంత తొందరగా పోతే అంత మేలనుకున్నాడు. నాగపూరు నుంచి కొత్త ఇన్‌స్పెక్టరు దిగాడు. మంచివాడే, ఓపిగ్గా చెయ్యి చాచాడు. ఖారునమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుని తల తిప్పుకుంది. నాడి చూడందే పంపు నడవదు.

బండి ఎక్కబోతున్న నూకరాజుని స్టేషన్ నుంచి వెనక్కి పిలిపించారు. పైడమ్మ పరుపుచుట్ట మళ్ళీ విప్పింది.

అతను మరి విజయనగరం పోనే లేదు. పొద్దున్నే ఆవిడ మణికట్టు పట్టుకున్న వేళ ఆ ఊరి మీదుగా పోయే వాల్తేరు బండి కూత వేస్తే అతని వేళ్ళు వణికేవి. ఆ వణుకు తగ్గేదాకా ఆవిడ చెయ్యి కదిపేది కాదు.