మంచు కరిగేదాకా

కంటి ఆపరేషన్ల గదిలో ముప్పై ఏళ్లు నిలబడి పనిచేసిన పెద్ద సిస్టరు అదే గదిలో ఇప్పుడు బల్లమీద పడుకుంది. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కుడికంట్లో వెనక పొరకు చిరుగు పడింది. చల్లటి కడ్డీ ఆనించి చిరుగు చుట్టూ మంచులా గడ్డకట్టించి ఆపకపోతే పొర ఊడిపోతుంది. ఇక చూపు ఉండదు.

చేయబోయేది ఆమె కళ్లముందు పని నేర్చుకుని డాక్టరైన అమ్మాయే. సిస్టరు భయం అందుకే. చదువుకునే రోజుల్లో ఈ పిల్ల మంచు కరగకముందే కడ్డీ లాగబోయింది. చల్లబడ్డ కడ్డీ కంటికి అతుక్కుని ఉంటుంది, లాగితే కన్ను చిరుగుతుంది. ఆరోజు సిస్టరే గబుక్కున ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. పక్కనే ఉండి పని నేర్పుతున్న ముసలి డాక్టరుగారు కసురుకోలేదు. "దానంతటది వదలాలమ్మా" అని మాత్రం అన్నారు. ఎంత నెమ్మదైన గొంతు! ఆయన వెళ్లిపోయాక ఆ గదిలో అలా మాట్లాడినవాళ్లు లేరు.

కడ్డీని చల్లబరిచే యంత్రం బుస్సుమని ఆగింది. మంచు కరగడానికి పట్టే క్షణాల్ని సిస్టరు పైకే లెక్కపెట్టింది. "ఒకటి... రెండు..."

"లెక్క మీరే పెడితే నేనెందుకు సిస్టర్?"

"నా కన్ను, నా లెక్క! నువ్వు మాట్లాడకు."

ఏడు దగ్గర ఆమెకు ముసలి డాక్టరుగారి గొంతు గుర్తొచ్చి అంకె తప్పింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ చెయ్యి కదల్లేదు. కాసేపటికి కంటిమీద బిగువు తనంతట తనే సడలింది.

"వదిలింది. ఇంకో మూడుచోట్ల పెట్టాలి. మీరు ఊపిరి పీల్చుకోండి."

మంచు చేసేదీ గాయమే. అది మానుతూ మచ్చ కట్టి, చిరుగు అంచుల్ని కంటి వెనక గోడకు అతికిస్తుంది. అందుకు రెండు వారాలు కావాలి. ఎంతోమందికి ధైర్యం చెప్పి పంపిన సిస్టరు ఆ రెండు వారాలూ తలుపు చప్పుడైతే ఉలిక్కిపడింది. నిద్ర లేవగానే చూపు మూలల్లో నీడ పడిందా అని వెతుక్కుంది.

పదిహేనో రోజు డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది.

"చుట్టూ మచ్చ కట్టింది సిస్టర్. గట్టిగా అతుక్కుంది."

సిస్టరు తలెత్తి ఎదుటి మొహాన్ని తేరిపార చూసింది.

"ఇంత చిక్కిపోయావేంటే? తింటున్నావా లేదా?"

"తింటున్నాను గానీ, గడ్డం మళ్లీ ఇక్కడ ఆనించండి."

"మళ్లీ ఎందుకు? అతుక్కుందన్నావుగా!"

"అన్నాను. అయినా ఇంకోసారి చూసుకోనివ్వండి" అంది డాక్టరమ్మ. లైటు మళ్లీ వేసింది.