ఏనుగు మోకరిల్లిన చేను

బుద్ధుడి తలవెంట్రుకను, కేశధాతువును, మోసే ఏనుగు ఎక్కడ మోకరిల్లితే అక్కడే స్తూపం కడతారు. రుహుణ దేశమంతా ఎరిగిన ఆచారమది. అందుకే ధాతువున్న బంగారు భరిణెను వీపున కట్టి, భిక్షువులు ఏనుగును మావటి లేకుండా వదిలారు.

ఎండకు సొమ్మసిల్లేలా ఉన్న ఆ ఏనుగును చూసి, చేలో పని చేసుకుంటున్న మిత్త మనసు ఆగలేదు. ధాతువుకు దణ్ణం పెట్టి, తొట్టెడు నీళ్లూ, జీలుగు బెల్లం ముద్దా ఇచ్చింది. అది తిని, తాగి, ఆమె రాగిచేను నడిమికి వెళ్లి మోకాళ్లు వంచింది.

వెంట వచ్చిన జనం "సాధు, సాధు!" అంటూ నేలమీద సాగిలపడ్డారు.

"కడుపు నిండి కూర్చుంది స్వామీ! కాసేపాగితే అదే లేస్తుంది," అంది మిత్త.

పెద్ద భిక్షువు నవ్వాడు. "బుద్ధభగవానుడు ధ్యానం చేసిన చోటమ్మా ఇది. నీకు తెలీదు."

"రాళ్లేరి, మొద్దులు పెకలించి చేను చేసిన మా మామకీ తెలీదు పాపం."

"ఊరుకో మిత్తక్కా! పుణ్యం వెతుక్కుంటూ వస్తే కాదంటావా?" అని కసిరాడు దేవల. అతని చేను గట్టుకు అవతల భద్రంగా ఉంది.

చేను పోయింది. మిత్తకు స్తూపం వాకిలి ఊడ్చే పుణ్యం దక్కింది.

ఏటా ఉత్సవంలో భిక్షువు స్థలపురాణం చదువుతాడు: "ఆ కాలంలో ఇది మనిషి అడుగుపెట్టని కారడవి..."

ఈసారి అది వింటూ ఊడుస్తున్న మిత్త నడుం దగ్గరికి, ఇప్పుడు ముసలిదైన ఆ ఏనుగే తొండం చాపి వెతికింది.

"పోరా పిచ్చి తండ్రీ," అంది ఆమె. "మనిషే లేని అడవిలో నీకు బెల్లం పెట్టిందెవరట?"